చెయ్యనివి ఒప్పుకునే పిల్ల

మా అన్నయ్య కూతురు టెస్సాకి చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. చెయ్యని తప్పులు ఒప్పుకుంటుంది. చర్చిలో మొట్టమొదటిసారి పాపాలు చెప్పుకోడానికి వెళ్ళిననాడు దాని దగ్గర చెప్పుకోదగ్గ పాపం ఒక్కటీ లేకపోయిందట. తెర అవతల ఫాదర్ ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు కదా, ఆయన్ని ఊరికే కూచోబెట్టడం ఏం బావుంటుందని పక్కింటివాళ్ళ కోడిని దొంగిలించానని చెప్పింది. పక్కింటివాళ్ళకి అసలు కోళ్ళే లేవు. ఇంటికొచ్చాక, ఫాదర్‌కి అబద్ధం చెప్పానని రాత్రి అన్నం మానేసి ఏడ్చింది.

పెద్దయినా అది మారలేదు. రోడ్డు మీద పోలీసు కారు కనబడితే, తను నడిచి వెళ్తున్నా సరే, వేగం తగ్గిస్తుంది. దుకాణంలో ఏమీ కొనకుండా బయటికి రావాల్సివస్తే రెండు చేతులూ అందరికీ కనబడేలా ముందుకు పెట్టుకుని వస్తుంది.

అలాంటి పిల్లకి అబద్ధాలు పట్టే యంత్రం ముందు కూచునే పాలిగ్రాఫ్ పరీక్ష వచ్చిపడింది.

టెస్సా అప్పటికి మా ఊళ్ళో టైర్ల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేస్తోంది. దాని మనసు మాత్రం కౌంటీ షెరిఫ్ ఆఫీసులో, అంటే మా జిల్లా పోలీసు ఆఫీసులో, అత్యవసర ఫోన్లు అందుకునే గది మీద ఉంది. అది హైస్కూల్లో ఉండగా మా అన్నయ్య ఇంటి కప్పు మీంచి జారి కిందపడ్డాడు. మా వదినా నేనూ అరుపులూ ఏడుపులూ తప్ప దేనికీ పనికిరాకుండా పోయాం. టెస్సా ఫోను తీసుకుని, దారి ఎక్కడ మలుపు తిరగాలో, వాళ్ళ నాన్న ఊపిరి ఎలా ఉందో, రక్తం ఎక్కణ్ణుంచి వస్తోందో వార్తలు చదివినంత స్థిమితంగా చెప్పింది. అంబులెన్సు వచ్చేదాకా అవతలి ఆడమనిషి దాంతో మాట్లాడుతూనే ఉందట. అన్నయ్య బతికాడు, కాస్త కుంటుతాడు. ఆ రోజునుంచీ ఈ పిల్లకి ఆ ఆడమనిషి కుర్చీలో తను కూచోవాలని పట్టుకుంది.

టైపింగు పరీక్ష, వినికిడి పరీక్ష, పటం చదివే పరీక్ష, ఇంటర్వ్యూ, అన్నీ గట్టెక్కింది. ఇరుగుపొరుగుని అడిగి దాని నడత గురించి వాకబు చేసుకునే పని కూడా మొదలైంది. ఇక మిగిలింది ఆ యంత్రం.

ఒక శనివారం మధ్యాహ్నం నేను కాల్చిన పచ్చిమిరపకాయల తొక్కలు ఒలుస్తుంటే పెరటి తలుపు తోసుకుని వచ్చింది. నాతో ఒక్క మాటయినా మాట్లాడకుండా తిన్నగా మా ఆయన ముందు కూచుంది.

"మావయ్యా, నువ్వే నన్ను కాపాడాలి."

మా ఆయన పేరు రూడీ మ్లాకర్. రిటైరు కాకముందు ఆయన చేసిన పని అదే. రాష్ట్రంలో పోలీసు ఉద్యోగాలకి వచ్చేవాళ్ళని కుర్చీలో కూచోబెట్టి, ఛాతీకి గొట్టాలూ చేతికి పట్టీ కట్టి, మీరు ఎప్పుడైనా దొంగతనం చేశారా అని అడగడం. ఇరవై ఏళ్ళ పైచిలుకు అదే పని. ఇంట్లో దాని ఊసెత్తేవాడు కాదు. నేనూ అడిగేదాన్ని కాదు.

"ఏమైంది?"

"పాలిగ్రాఫ్ పిలుపొచ్చింది. ఇంకా రెండు వారాలే. నేను ఇంటర్నెట్లో అంతా చదివేశాను. బూట్లో గుండుసూది పెట్టుకోవాలట. లేకపోతే కాలి బొటనవేలు గట్టిగా బిగించాలట. లెక్కలు వెనక్కి చేసుకోవాలట. ఒకాయన మాత్రలు కూడా—"

రూడీ చేతిలో కాఫీ కప్పు బల్ల మీద గట్టిగా పెట్టాడు. మా పెళ్ళయ్యాక ఆయన కప్పు అంత గట్టిగా పెట్టడం నేను చూసింది చాలా తక్కువసార్లు.

"ఆ చెత్త ఇంకోసారి నా ముందు ఎత్తావంటే వీధి తలుపు చూపిస్తాను. కుర్చీ కింద కదలికలు పట్టే మెత్త ఉంటుంది. బొటనవేలు బిగించావంటే తెలిసిపోతుంది. అప్పుడు నువ్వు నిజంగానే మోసగత్తెవి అవుతావు. కాగితం మీద అలాగే రాస్తారు. అది ఇంకో ఆఫీసుకి వెళ్ళినా నిన్ను వదలదు."

టెస్సా మొహం మాడిపోయింది. "మరి నేనేం చెయ్యను? నా సంగతి నీకు తెలుసుగా. పుట్టినరోజు ఎప్పుడని అడిగితేనే నాకు చెమటలు పడతాయి."

"రాత్రి బాగా నిద్రపో. పొద్దున్న కడుపునిండా తిను. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"అంతేనా?"

"అంతే."

"ఇరవై ఏళ్ళు చేసినవాడివి, ఇంతేనా చెప్పేది? ఈ మాత్రం మా టైర్ల దుకాణం ఓనరు కూడా చెప్పాడు."

నాకు నవ్వొచ్చింది. రూడీకి రాలేదు. ఆయన నా కేసి చూశాడు, కిటికీలోంచి గరాజు కేసి చూశాడు, లేచి వెళ్ళిపోయాడు. కాసేపటికి పాత సూట్‌కేసు లాంటి పెట్టె ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. మిరపకాయల పళ్ళెం నేను గబగబా పక్కకి జరిపాను.

"ఇదేంటి మావయ్యా?"

"నా పాత యంత్రం. కంప్యూటర్లు వచ్చాక ఆఫీసువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నాను."

మూత తెరిస్తే సన్నటి పొడుగాటి సూదులు నాలుగు, వాటి కింద కాగితం చుట్ట. సూదుల్లో సిరా ఎండిపోయింది. ఆయన వాటిని వేణ్ణీళ్ళలో కడిగి, మళ్ళీ సిరా పోసి, కాగితం సర్దేసరికి మిరపకాయలన్నీ ఒలవడం అయిపోయింది. టెస్సా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"నన్ను కూచోబెడతావా?"

"నిన్ను కాదు. మీ అత్తని."

"నేనా? నాకేం కర్మ!" అన్నాను. అయినా చేతులు కడుక్కుని కూచున్నాను. ఆయన పని చేస్తుంటే ఎలా ఉంటాడో నేనెప్పుడూ చూడలేదు మరి. గొట్టాలు కట్టి, చేతికి పట్టీ బిగించి, వేళ్ళకి రేకులు తగిలించాడు. ఆ చేతులు మా వంటింట్లో చేతుల్లా లేవు, డాక్టరు చేతుల్లా ఉన్నాయి. గొంతు కూడా మారిపోయింది, మెత్తగా, ఎవరిదో పరాయివాడి గొంతులాగా.

"మీ పేరు లోరెట్టాయేనా?"

"ఇన్నేళ్ళకి అనుమానం వచ్చిందా?"

"అవును కాదు, అంతే చెప్పాలి."

"అవును."

సూదులు నెమ్మదిగా కొండలూ లోయలూ గీస్తున్నాయి. మా అమ్మగారి ఊరి పేరు చెప్పి అదేనా అని అడిగాడు. ఈ రోజు శనివారమేనా అని అడిగాడు. తరవాత, "మా అమ్మ చేసే అక్రోటు రొట్టె మీకు ఇష్టంగా ఉండేదా?" అన్నాడు.

"అవును," అన్నాను. ఆ రొట్టె నాకు గొంతు దిగేది కాదు. మా అత్తగారు బతికున్నంత కాలం ప్రతి క్రిస్మస్‌కీ రెండు ముక్కలు తిని బావుందన్నాను. సూదులు నిమ్మకు నీరెత్తినట్టు అలాగే నడిచాయి, ఒక్క వెంట్రుక వాసి కూడా ఎగరలేదు. టెస్సా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి దానికి తెలుసు.

రూడీ కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకుని, అదే గొంతుతో అడిగాడు.

"నన్ను పెళ్ళి చేసుకున్నందుకు ఎప్పుడైనా బాధపడ్డారా?"

"లేదు."

సూది కాగితం అంచుదాకా ఎగిరింది. చెమటని కొలిచే సూది అంతకంటే పైకి వెళ్ళి, కిందకి దిగనని మొరాయించింది. టెస్సా కుర్చీలోంచి సగం లేచింది. నాకు మొహం వేడెక్కిపోయింది. ఒట్టు, నేను చెప్పింది నిజం. ఆయన మీద కోపాలు వచ్చాయి, ఓసారి సూట్‌కేసు కూడా సర్దుకున్నాను, కానీ పెళ్ళి చేసుకున్నందుకు బాధ మాత్రం ఏనాడూ పడలేదు. 

రూడీ యంత్రం ఆపేసి పకపకా నవ్వాడు.

"చూశావా టెస్సా? ఆ అక్రోటు రొట్టె అంటే మీ అత్తకి ఒళ్ళు మంట."

"నీకు తెలుసా?" అన్నాను నేను.

"మొదటి క్రిస్మస్‌కే తెలుసు. రెండో ముక్క ఎప్పుడూ మా కుక్కకి పెట్టేదానివి. అబద్ధం చెప్పింది, సూది కదల్లేదు. రెండో మాట నిజం చెప్పింది. సూది ఎగిరింది."

"నిజమని నీకెలా తెలుసు?" టెస్సా గొంతు పీలగా వచ్చింది.

"దాన్ని చూస్తూనే ఉన్నాగా ఇన్నేళ్ళూ. ఎందుకు ఎగిరిందంటావ్? నేను అడిగాను కాబట్టి. అడిగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఈ పెట్టెకి తెలిసింది అదొక్కటే, గుండె ఝల్లుమందని. ఎందుకో దానికి తెలీదు. ఎందుకో చెప్పేది పక్కన కూచున్న మనిషి. ఆ మనిషి కూడా ఊహించి చెప్తాడు."

"అంటే ఇదంతా దండగేనా?"

రూడీ నా చేతి పట్టీ వదులు చేశాడు. నా వేళ్ళకున్న రేకులు ఒక్కొక్కటే విప్పుతూ అన్నాడు. "పూర్తిగా దండగని అనలేను. దీన్ని చూసి భయపడి చాలామంది ఉన్నవి చెప్పేశారు. అందులో ఘోరమైనవీ ఉన్నాయి. కానీ నీ దగ్గర వచ్చే చిక్కు వేరు. నువ్వు లేనివి చెప్తావు. అందుకే నీకు ఒక్క మాట చెప్తాను, అదే నా పాఠం. చెయ్యనిది ఒప్పుకోకు. అవతలివాడు ఎంత మంచివాడుగా కనబడినా, ఎంత జాలిగా అడిగినా, వాణ్ణి సంతోషపెట్టడానికి ఒక్క ముక్క కూడా ఇవ్వకు."

ఆ రెండు వారాలూ టెస్సా పని అయ్యాక మా ఇంటికి వచ్చేది. యంత్రం మళ్ళీ తియ్యలేదు. రూడీ బల్లకి అటు, అది ఇటు. ఆయన అడిగేవాడు, అది చెప్పేది. మొదటిరోజు "పనిచేసిన చోట ఏమైనా తీసుకున్నావా?" అంటే, ఇదివరకు పనిచేసిన కిరాణా కొట్టులో రుచి చూడ్డానికి పెట్టిన ఆలివ్ కాయలు మూడు తిన్నానంది. అవి రుచి చూడ్డానికే కదా పెట్టారంటే, ఒకటే తినాలి కదా అంది. ఎవరినైనా కొట్టావా అంటే కొట్టాననే అనుకుంటున్నానంది. ఎవరిని అంటే ఆలోచించి, గుర్తు లేదు కానీ కొట్టే ఉంటానంది.

"ఉంటాను కాదు! కొట్టావా, లేదా?" రూడీ బల్ల చరిచేవాడు.

"లేదు. సారీ మావయ్యా."

"సారీ ఎందుకే!"

"నువ్వు అరుస్తున్నావు కదా, అందుకు."

నేను పొయ్యి దగ్గర నిలబడి నవ్వు ఆపుకోలేక అవస్థ పడేదాన్ని. కానీ పోనుపోను దాని 'లేదు' కాస్త గట్టిపడింది. ఆఖరిరోజున రూడీ కావాలనే దాన్ని దబాయిస్తూ, నమ్మనట్టు మొహం పెట్టి ఎంత సేపు తిప్పి తిప్పి అడిగినా, లేదన్న మాట దగ్గరే నిలబడింది. ఆయన మొహం వెలిగిపోయింది.

పరీక్షనాడు ముగ్గురం కలిసే వెళ్ళాం. షెరిఫ్ ఆఫీసు ఎదురుగా ఉన్న హోటల్లో నేనూ రూడీ కూచున్నాం. ఆయన బన్ను మీద మిరపకాయల పులుసు పోయించుకుని ఒక్క ముద్ద కూడా ముట్టలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటే చూశాడు. కాఫీ చల్లారి, మళ్ళీ పోయించుకుని, అదీ చల్లారాక టెస్సా వచ్చింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. నా పక్కన కూచుని రూడీ పళ్ళెం తన ముందుకి లాక్కుంది.

"మత్తుమందులు ఎప్పుడైనా అమ్మావా అన్నాడు. లేదన్నాను. మళ్ళీ అడిగాడు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. 'టెస్సా, ఇక్కడ ఏదో ఉంది. నువ్వు మంచిదానివని నాకు తెలుసు, చెప్పేస్తే నీకే తేలిగ్గా ఉంటుంది' అన్నాడు."

"నువ్వేమన్నావ్?" అన్నాడు రూడీ.

"ఏదో ఒకటి చెప్పేద్దామనిపించింది మావయ్యా. పాపం, అంత ఆశగా చూస్తున్నాడు. నోటిదాకా వచ్చింది కూడా."

"చెప్పావా?"

"లేదు. అమ్మలేదన్నాను. అడిగినన్నిసార్లూ అదే అన్నాను." నోటినిండా బన్ను పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. రూడీ బల్ల మీంచి వంగి దాని తల మీద చెయ్యి వేశాడు. 

పరీక్ష పెట్టిన అతని పేరు కర్టిస్ బెల్‌నాప్ అని అది చెప్పగానే రూడీ చెయ్యి దాని తల మీదే ఆగిపోయింది.

"కర్టిసా?"

"నీకు తెలుసా?"

"నేనే నేర్పాను వాడికి."

తరవాతి వారం ఆఫీసునుంచి ఫోనొచ్చింది. మత్తుమందుల ప్రశ్న దగ్గర టెస్సా నిజం దాచినట్టు చార్టు చూపిస్తోందనీ, ఉద్యోగం సంగతి ప్రస్తుతానికి ఆపామనీ చెప్పారు. అది ఫోను పెట్టేసి, "పోనీలే అత్తా, నాకు టైర్లు కూడా ఇష్టమే," అంది. 

రూడీ టోపీ పెట్టుకున్నాడు. ఎక్కడికని అడిగితే కర్టిస్ ఇంటికన్నాడు. నేనూ కారెక్కాను. ఆయన్ని ఒంటరిగా పంపడం నాకు ఇష్టం లేకపోయింది.

కర్టిస్ ఇంటి ముందు ట్రక్కు కడుగుతున్నాడు. నలభై ఏళ్ళు కూడా ఉండవు, గుండ్రటి మొహం. రూడీని చూడగానే గొట్టం పక్కన పడేసి, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఎదురొచ్చాడు.

"సార్! మీరు రావడమేంటి, నేనే వచ్చేవాణ్ణిగా!"

"టెస్సా ఆర్చులెటా నా భార్య మేనకోడలు," అన్నాడు రూడీ. "ముందు అది తెలుసుకో. తెలిశాక నాతో మాట్లాడాలనిపిస్తే మాట్లాడు."

కర్టిస్ మొహంలో నవ్వు తగ్గింది. అయినా కదల్లేదు. "చెప్పండి సార్."

"ఆ పిల్ల మత్తుమందులు అమ్మలేదు."

"చార్టు అలా చెప్పట్లేదు సార్. చార్టుని నమ్ము, మొహాన్ని నమ్మకు అని నాకు చెప్పింది మీరే."

"చెప్పాను."

"మరి?"

"చెప్పి ఉండాల్సింది కాదు."

గొట్టంలోంచి నీళ్ళు గడ్డిలోకి పోతూనే ఉన్నాయి. నేను వెళ్ళి కుళాయి కట్టేశాను. వాళ్ళిద్దరూ చూడనే లేదు.

"నా రిపోర్టు మార్చమంటారా?" కర్టిస్ నెమ్మదిగా అడిగాడు. అడగడానికి వాడికి ఎంత కష్టంగా ఉందో తెలుస్తూనే ఉంది.

"మార్చావంటే నిన్ను నేనే పట్టిస్తాను. నీకేమైనా అనుమానం ఉంటే ఆ అనుమానం రాయి. ఇంకొకరి చేత మళ్ళీ పరీక్ష పెట్టించమని రాయి. అనుమానం ఉంటేనే. లేకపోతే రాయకు."

కర్టిస్ ట్రక్కు చక్రం మీది నురగ చేత్తో తుడిచాడు. "ఉంది సార్," అన్నాడు చివరికి. "లేదన్నప్పుడల్లా ఆ అమ్మాయి నాకు సారీ చెప్పింది. అలాంటిదాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రి మా ఆవిడకి చెప్పాను కూడా."

రెండో పరీక్ష పెట్టడానికి ఉత్తరాన పెద్ద ఊరినుంచి ఒకావిడ వచ్చింది. చాలా మర్యాదగా, ఒక్కసారి కూడా గొంతు పెంచకుండా పరీక్ష పెట్టిందట. ఈసారి మత్తుమందుల ప్రశ్న దగ్గర సూది, అంటే కంప్యూటరు మీద గీత, చెరువులో నీళ్ళలా ఉంది. ఎవరినైనా కొట్టి గాయపరిచావా అన్న దగ్గర మాత్రం ఎగిరిపడింది. ఇంట్లో సాలీడు కనబడితే కాగితం కప్పులో పెట్టి బయట వదిలే పిల్ల మా టెస్సా. మొదటి యంత్రం దాన్ని మత్తుమందులు అమ్మేదాన్ని చేస్తే, రెండోది రౌడీని చేసింది.

ఈసారి ఫోను టెస్సాకి కాదు, రూడీకి వచ్చింది. చేసింది ఆ ఫోన్ల గదికి పెద్ద అయిన జెనీవా ప్రూయిట్. "మ్లాకర్ గారూ, మీరు ఈ పని చేసినవారట. నా బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఏది నమ్మాలో వచ్చి చెప్పండి. పక్షపాతం ఉందంటే ఉండనివ్వండి, అది నేను చూసుకుంటాను," అంది.

ఆవిడ ఆఫీసు గదిలోకి నన్నూ రానిచ్చారు. జెనీవా బొద్దుగా, కళ్ళద్దాలు తల మీదికి తోసుకుని ఉంది. పక్కన షెరిఫ్ తరవాతి అధికారి చేతులు కట్టుకుని కూచున్నాడు. రూడీ రెండు చార్టులూ చూశాడు. తొందరపడకుండా, మొదటినుంచి చివరిదాకా, వేలితో తడుముతూ చూశాడు. తరవాత పక్కన పెట్టేశాడు.

"ఇద్దరూ సరిగానే చేశారు. ఎవరి పనిలోనూ లోపం లేదు," అన్నాడు. "రెండూ ఒకేసారి నిజం కావు. రెండూ తప్పయి ఉండొచ్చు."

"మీరే అలా అంటే ఎలా?" అన్నాడు ఆ అధికారి. "మీరు పాస్ చేసినవాళ్ళు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు."

"నేను వద్దన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నాకూ తెలీదు," అన్నాడు రూడీ. "నోటితో ఒప్పుకున్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు చెప్పింది విచారిస్తే తేలేది. ఏమీ ఒప్పుకోకుండా, ఒట్టి గీత ఎగిరిందని నేను పంపేసినవాళ్ళున్నారు. వాళ్ళలో ఎంతమంది నిజంగా అబద్ధం చెప్పారో నాకు ఈనాటికీ తెలీదు. ఎవరూ తిరిగొచ్చి చెప్పరు కదా. ఇంటికెళ్ళి ఇంకేదో పని వెతుక్కుని ఉంటారు. నాకు తెలిసినట్టు సంతకం మాత్రం పెట్టాను."

 ఈ మాటలు నేను కూడా మొదటిసారి వింటున్నాను. ఇన్నేళ్ళు నా పక్కన భోంచేస్తూ, గడ్డి కోసుకుంటూ ఈ మనిషి ఇది మోస్తున్నాడన్నమాట.

జెనీవా కళ్ళద్దాలు కిందకి దించుకుంది. "మా విచారణ చేసేవాళ్ళు ఆ పిల్ల బళ్ళో టీచరు దగ్గర్నుంచి టైర్ల దుకాణం ఓనరు దాకా అందరితో మాట్లాడారు. ఒక్కరు చెడ్డగా చెప్పలేదు. ఈ పరీక్ష ఒక్కదాన్ని పట్టుకునే ఎవరినీ కాదనకూడదని మన నిబంధనల్లోనే ఉంది," అంది ఆ అధికారితో. "నాకు ఫోన్లు ఎత్తేవాళ్ళు చాలడం లేదు సార్. నిర్ణయం నాకు వదిలెయ్యండి."

ఆయన కాసేపు గొణిగాడు. ఒక ఏడాది పరిశీలనలో ఉండాలన్నాడు. కాగితాల్లో అంతా రాసి పెట్టాలన్నాడు. జెనీవా అన్నిటికీ అలాగేనంది.

ఇంటికొస్తూ రూడీ కారుని ఊరి బయట జలాశయం పక్కన ఆపాడు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి.

"ఒకడు ఉండేవాడు లోరీ. ఎర్రజుట్టు. చేతికి పట్టీ కడుతుంటే వాళ్ళావిడ నెల తప్పిందని నాకు చెప్పాడు, సంతోషం పట్టలేక. వాడి చార్టు ఎగిరింది. నేను వద్దని రాశాను. వాడి పేరు ఎంత గుర్తు చేసుకుందామన్నా రావడం లేదు."

 నీ తప్పు లేదని అంటే ఆయన నమ్మడు, నేనూ నమ్మను. ఆయన చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. నీళ్ళ మీద బాతులు తిరుగుతున్నాయి. 

"ఆ రోజు వంటింట్లో," అన్నాను తరవాత, "సూది ఎగిరినప్పుడు ఒక్క క్షణమైనా అనుమానపడ్డావా?"

"ఒక్క క్షణం," అన్నాడు.

"పడ్డావా!"

"నువ్వు సూట్‌కేసు సర్దుకున్న రోజు గుర్తొచ్చింది. కానీ ఆ రోజు కూడా అందులో నా చొక్కాలు రెండు పెట్టావు."

నిజమే, పెట్టాను. కోపంలో చేతికి ఏది వస్తే అది కుక్కాననుకున్నాను. ఆయన దాన్ని ఇన్నాళ్ళూ ఇంకోలా అర్థం చేసుకున్నాడు. నేను సరిదిద్దలేదు. ఎవరికి తెలుసు, ఆయన అనుకున్నదే నిజమేమో.

టెస్సా శిక్షణ మొదలయ్యేనాడు రూడీ దాన్ని తనే దింపుతానని పట్టుబట్టాడు. దానికి సొంత కారుంది, డ్రైవింగు మా ఇద్దరికంటే బాగా వచ్చు. అయినా కాదనలేదు. మొక్కజొన్నపిండితో ఆవిరి మీద ఉడికించే తమాలెలు చేసి, జెనీవాకి కూడా కలిపి, దుప్పటంత తువ్వాల్లో చుట్టి ఇచ్చాను. ఇద్దరూ మధ్యాహ్నం వెళ్ళారు. రూడీ సాయంత్రం దాకా రాలేదు.

ఏమైందని అడిగితే చెప్పడే! తరవాత టెస్సా ద్వారా తెలిసింది. దాన్ని లోపలికి పంపి ఆయన కార్లోనే కూచున్నాడట, ఆఫీసు కిటికీలకేసి చూస్తూ. చివరికి జెనీవా తనే బయటికొచ్చి కారు అద్దం తట్టిందట.

"మ్లాకర్ గారూ, మీ పిల్ల హెడ్‌ఫోను పెట్టుకుని కూచుంది. బుద్ధిగానే ఉంది. ఇంటికెళ్ళండి. తమాలెలు బావున్నాయని మీ ఆవిడకి చెప్పండి."

ఆ ఆఖరి ముక్క ఆయన నాకు చెప్పడం మర్చిపోయాడు. మా ఇంట్లో ఆ వారమంతా దాని మీదే గొడవ.